దుప్పటి రెండో కొస

ఆఫీసు, రెండో అంతస్తు
సోమవారం

గౌరవనీయులైన మామయ్య గారికి,

ఫోను చేస్తే మొదటి మాటకే పెట్టేస్తున్నారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మీ సందుకు వచ్చే నర్సు చేతికే ఇచ్చి పంపుతున్నాను. జవాబు కూడా ఆమెకే ఇవ్వండి.

ఇది మేనకోడలిగా రాస్తున్నది కాదు. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు నర్సును పంపే ఈ సంస్థలో, నెలనెలా ఇచ్చే దాతల సంగతి చూసేది నేను. కొత్తవాళ్ళను చేర్చడం, చేరినవాళ్ళు జారిపోకుండా చూసుకోవడం నా ఉద్యోగం. మీరు తిరిగి పోగుచేసిన సందు ఇంతవరకు అన్నిట్లోకి ముందుంది. ఒక్క ఇల్లూ మానలేదు. ప్రతి మీటింగులో మీ సందు పేరు చెప్పి మిగతా వీధులవాళ్ళ తలలు వంచేదాన్ని.

పోయిన శుక్రవారం టైలరు భార్య మెట్లెక్కి నా బల్ల ముందుకు వచ్చింది. టైలరుకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయిందట. "మా వంతు వచ్చిందమ్మా, రేపటి నుంచి నర్సును పంపండి" అంది. ఏం వంతు అని అడిగాను. "నెలనెలా ఇచ్చేవాళ్ళింట్లో ఎవరు మంచాన పడితే వాళ్ళకు నర్సు వస్తుందని షట్టరు మామ చెప్పాడు కదా. అందుకేగా ఇన్నాళ్ళూ ఇచ్చింది" అంది. సందులో మిగతా ఇళ్ళకు ఫోను చేశాను. అందరిదీ ఇదే పాట.

మన దగ్గర వంతులు లేవు. ఎవరికి అవసరం ఎక్కువో వాళ్ళింటికి నర్సు వెళ్తుంది. పుండ్లు పడ్డవాళ్ళు, గొట్టాలతో ఉన్నవాళ్ళు, ఇంట్లో చూసే మనిషి లేనివాళ్ళు ముందు. టైలరుకు ఒంటి మీద పుండు లేదు, ఇంట్లో భార్య ఉంది. ఆయన జాబితాలో బాగా కింద ఉన్నాడు. ఆ మాట చెప్పగానే ఆవిడ ఇక ఇవ్వనని చెప్పి వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే ఇంకో రెండు ఇళ్ళు మానేశాయి.

మీరు నిజంగా ఆ మాట చెప్పారా? చెప్పి ఉంటే ఇంటింటికీ వెళ్ళి, అది తప్పని చెప్పి రండి.

ఇట్లు
దాతల విభాగం


షట్టర్ల షాపు వెనక గది
బుధవారం

ఆఫీసరమ్మకి,

నీ కాగితం అందింది. గౌరవనీయులంట. నీ ముక్కు తుడిచిన చేతులివి. ఇప్పుడు నువ్వు మేనకోడలివి కాదు, విభాగానివి. సరే, విభాగానికే చెబుతున్నాను, విను.

చెప్పాను. ప్రతి గుమ్మంలో నిలబడి చెప్పాను. "ఇవాళ నువ్వు ఇస్తే రేపు నువ్వు పడ్డప్పుడు నర్సు వస్తుంది" అన్నాను. అందులో తప్పేముంది? నేను రాకముందు మీరు మెడలో కార్డులేసుకున్న ఇద్దరు అమ్మాయిలను పంపారు. వాళ్ళు గుమ్మాల ముందు నిలబడి "ఒక చిరునవ్వు పంచండి" అన్నారు. బార్బరు వాళ్ళను చూసి నవ్వి పంపించేశాడు. అదే మీకొచ్చిన చందా.

నేను చేతులు కాయలు కాసేదాకా షట్టర్లు చేసినవాణ్ణి. ఇనుము గట్టిదని చెబితే ఎవడూ కొనడు. నీ కొట్లోకి దొంగ రాడని చెబితే కొంటాడు. మనిషికి తనకేం వస్తుందో చెప్పాలి. అది తెలియక మీరు రంగు కాగితాలు అచ్చేస్తున్నారు.

మీ అత్తయ్య మంచాన పడ్డప్పుడు మీ నర్సు ఊరికే వచ్చింది. ఊరికే చేయించుకున్నవాడు అన్న మాట నేను పడలేను. అందుకే ఆమె పోయాక సందంతా తిరిగాను. నన్ను ఎవరూ అడగలేదు, జీతమూ తీసుకోలేదు.

టైలరంటే నాకు పడదు. ప్యాంటు కుట్టమంటే ఒక కాలు పొట్టిగా కుట్టి, "నీ కాళ్ళే ఎగుడుదిగుడు" అన్నవాడు. అయినా వాడి గుమ్మంలో కూడా నేను మాట ఇచ్చాను. నా మాట పోతే నా తల పోయినట్టే. నర్సును పంపు. తర్వాత నీతులు చెప్పు.

మీ మామయ్య


ఆఫీసు, రెండో అంతస్తు
శుక్రవారం

మామయ్య గారికి,

పంపను.

మీ సందు చివర నీళ్ళ ట్యాంకు వెనక ఒంటరిగా ఉండే ముసలావిడ మీకు తెలుసు. కాలి మీద మానని పుండు. నర్సు వెళ్ళి కట్టు మార్చకపోతే ఆ కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆవిడ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు, ఇవ్వడానికి ఏమీ లేదు. మీ వంతుల లెక్కన ఆవిడ కాలు పోవాలి, మా నర్సు టైలరుకు తల దువ్వాలి. అంతేనా?

మీరు షట్టరు అమ్మలేదు. మీది కానిదాన్ని అమ్మారు.

ఇంకో సంగతి కూడా వినండి. మీ వైపు వచ్చే నర్సు జీతం మీ సందు చందాల మీదే నడుస్తోంది. ఇళ్ళు ఇలాగే మానేస్తే, వేసవి చివర జరిగే మీటింగులో ఆమెను మీ వైపు నుంచి తీసేసి వేరే పేటకు పంపుతారు. అప్పుడు ట్యాంకు వెనక ముసలావిడకూ ఎవరూ రారు. ఇది బెదిరింపు కాదు, పెద్దవాళ్ళు నా ముందే అన్న మాట.

మీరు ఇంటింటికీ వెళ్ళేలా లేరు కాబట్టి నేనే అన్ని ఇళ్ళకూ కాగితం పంపుతున్నాను. సంస్థ ఎవరికీ ఏ వంతూ ఇస్తానని చెప్పలేదనీ, మీరు చెప్పింది మీ సొంత మాటనీ అందులో రాశాను. ఇక మీదట సంస్థ పేరు చెప్పి ఏ గుమ్మంలోనూ నిలబడకండి.

దాతల విభాగం


టైలరు ఇల్లు, మంచం పక్క స్టూలు మీద
నెలాఖరు

విభాగానికి,

నీ కాగితం అన్ని ఇళ్ళకూ చేరింది. బ్రహ్మాండమైన పని చేశావు. ఇంకో ఐదు ఇళ్ళు మానేశాయి. ఇస్త్రీవాడు నన్ను చూసి, పలకరించడం తప్పించుకోవడానికి, పెట్టె ముఖం దాకా ఎత్తి బొగ్గులు ఊదుకున్నాడు. మేడింటావిడ పైనుంచే "ఏం మామా, నా వంతు ఎప్పుడు? చెబితే ఆ రోజే పడతాను" అంది. సందంతా నవ్వింది.

మీరు రారు కాబట్టి నేనే వస్తానని టైలరు భార్యకు చెప్పాను. వస్తున్నాను కూడా. మీ అత్తయ్యకు నర్సు రాని రోజుల్లో చేసింది నేనే కదా. ఒళ్ళు తుడవడం, బట్ట మార్చడం, పక్క తిప్పడం నాకు కొత్త కాదు. టైలరు నోరు ఒక పక్కకు పోయింది గానీ తిట్లు మాత్రం తిన్నగానే వస్తున్నాయి.

"షట్టరు ఎత్తినట్టు ఎత్తుతున్నావేంరా నన్ను" అన్నాడు.

"షట్టరే నయం, గ్రీజు పెడితే లేస్తుంది" అన్నాను.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి."

"నా ప్యాంటు పొట్టిగా ఉంది. నేనేమన్నా అన్నానా?"

వాడికి నవ్వొచ్చి దగ్గు వచ్చింది. దగ్గుకు నన్నే తిట్టాడు.

ఈ పనికి ఇద్దరు కావాలి. దుప్పటి మడతపెట్టి నడుం కింద వేసి, ఈ కొస ఒకరు ఆ కొస ఒకరు పట్టుకుని, ఎత్తి జరపాలి. వాడి భార్య పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా ముందు గదిలో మిషను మీదే ఉంటుంది. ఆవిడ కుట్టకపోతే పొయ్యి వెలగదు. అందుకని నేను వీధిలోకి వెళ్ళి ఇస్త్రీవాణ్ణి రెక్క పట్టుకుని తెచ్చాను. "నర్సుకిచ్చేది మానేశావు. అయితే నర్సు పని నువ్వు చెయ్యి. ఆ కొస పట్టు" అన్నాను. వాడు ముఖం పక్కకు తిప్పుకుని పట్టుకున్నాడు. మర్నాడు బార్బరును తెచ్చాను. ఆ తర్వాత మందుల షాపువాణ్ణి.

ఇప్పుడు విను. ఇస్త్రీవాడు మళ్ళీ నెలనెలా ఇస్తానన్నాడు. "పొద్దున్నే నన్ను పిలవకు మామా, నీకు దణ్ణం పెడతా" అన్నాడు. మందుల షాపువాడు కూడా. మిగతావాళ్ళు నేను గుమ్మం ఎక్కకముందే ఇస్తామని కేకేశారు. మానేసిన ఇళ్ళలో టైలరు ఇల్లు తప్ప అన్నీ వెనక్కి వచ్చాయి. నీ రంగు కాగితాలు చేయలేని పని ఒక దుప్పటి చేసింది.

నీ ఉద్యోగం నేను చేస్తున్నాను. జీతం మాత్రం నువ్వే తీసుకో.

మామయ్య


ఆఫీసు, రెండో అంతస్తు
మంగళవారం

మామయ్యా,

మీ సందు ఇళ్ళు మళ్ళీ ఎలా వచ్చాయని మా ఆఫీసు పెద్దాయన అడిగాడు. ఏం చెప్పను? దాతలను దుప్పటి చూపించి బెదిరించామని రిపోర్టులో రాయమంటావా? పళ్ళు బిగబట్టి "స్థానికంగా చొరవ తీసుకున్నాం" అని రాశాను. నవ్వొచ్చింది. ఆ నవ్వుకు నామీద నాకే కోపం వచ్చింది.

ఇలా వచ్చినవాళ్ళు నిలవరు. భయపడి ఇచ్చేవాడు భయం తీరగానే మానేస్తాడు. నువ్వు మొదట ఆశ చూపించావు, ఇప్పుడు భయం చూపిస్తున్నావు. నిజం మాత్రం ఒక్క గుమ్మంలోనూ చెప్పలేదు.

అది అలా ఉంచు. ఒక్క సంగతి అడుగుతాను, దానికే జవాబివ్వు. అందరూ చందా ఇచ్చి తప్పుకున్నారు కదా, మరి దుప్పటి రెండో కొస ఎవరు పట్టుకుంటున్నారు? టైలరును ఎన్ని గంటలకు ఒకసారి పక్క తిప్పుతున్నావు? వీపు కింద, మడమల దగ్గర చూశావా? నర్సు ఎలాగూ సందులోకి వస్తుంది, ఒక్కసారి లోపలికి వచ్చి చూసి వెళ్తుంది. ఆమెను రానివ్వు.


షట్టర్ల షాపు వెనక గది
ఆదివారం

పిడుగుకి,

నన్ను మళ్ళీ నువ్వు అంటున్నావు. సంతోషం.

టైలరు బాగానే ఉన్నాడు. నిన్న నా చొక్కా చూసి కాలరు తిరగేసి కుట్టిస్తానన్నాడు, భార్య చేత. నేను వద్దన్నాను. మంచంలో పడి ఉండి కూడా ఎవరి బట్టలు బాగా కుట్టలేదో చెబుతుంటాడు. మందుల షాపువాడి చొక్కా ఎవడో చెడగొట్టాడని పొద్దున్నంతా అదే గోల.

మీ పెద్దాయన గురించి రాశావు. ఆయన ఏ రోజైనా ఒక మనిషిని ఎత్తాడా? అడుగు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. వాళ్ళ గదికి కిటికీ చిన్నది. నేను దాని రెక్క తీసి పెద్దది చేస్తానంటే ఇంటి యజమాని ఒప్పుకోవడం లేదు. అతనితో కూడా గొడవైంది.

వీపు బాగానే ఉంది. నర్సు అక్కర్లేదు. మీరు రమ్మన్నప్పుడు రాలేదు, ఇప్పుడు తనిఖీకి వస్తారా?

మామయ్య


ఆఫీసు, రెండో అంతస్తు
గురువారం

మామయ్యా,

నిన్న నర్సును గుమ్మం బయటే నిలబెట్టి పంపేశావట. టైలరు భార్య ఆమెను సందు మలుపు దాకా వెంబడించి, "గదిలో ఏదో వాసన వస్తోందమ్మా, మామను అడిగితే ఎండకు అంటున్నాడు" అని చెప్పిందట.

నీకు సిగ్గుందా? నువ్వు కాపాడుతున్నది టైలరును కాదు, నీ మాటను. దానికోసం వాణ్ణి కుళ్ళబెడుతున్నావు. కోపంగా రాస్తున్నానని తెలుసు, ఒక్క మాటా కొట్టేయను.

వెళ్ళి చూడు. చూసి, చూసింది చూసినట్టు రాయి.


టైలరు ఇల్లు
గురువారం, పొద్దువాలాక

పిడుగుకి,

చూశాను. నడుం కింద తోలు ఊడింది. లోపల తెల్లగా కనపడుతోంది. నాలుగు రోజులుగా ఎర్రగా ఉంటే పౌడరు చల్లాను.

రెండో కొసకు ఎవరూ రావడం లేదు. చందా ఇచ్చాక ఏ ముఖంతో పిలవను? ఒక్కణ్ణే లాగాను. లాగినప్పుడల్లా తోలు రాసుకుపోయిందని ఇప్పుడు తెలుస్తోంది. వాడు అరిచాడు. తిడుతున్నాడనుకున్నాను.

నర్సును పంపు. వంతు అని అడగడం లేదు. అవసరం.

మామయ్య


ఆఫీసు, రెండో అంతస్తు
తరువాతి వారం, శనివారం

మామయ్యా,

నర్సు రోజూ వెళ్తోంది. పుండు లోతుగా ఉంది గానీ ఎముక దాకా పోలేదు. మానుతుందంటోంది. నీళ్ళ ట్యాంకు వెనక ముసలావిడ కట్టు మార్చడానికి ఈ కొన్నాళ్ళూ పక్క పేట నర్సును అడుక్కున్నాను. ఆమె ఒప్పుకుంది, ముఖం మాడ్చుకునే ఒప్పుకుంది.

జాబితాలో టైలరు పేరు ఎదురుగా "చూసే మనిషి ఉంది" అని రాసింది నేనే. ఆవిడ పగలంతా మిషను మీద ఉంటుందని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అది నా తప్పు. అంతవరకే నాది.

మిగతాది నీది. మీటింగు వచ్చే నెల. మీ సందు ఇళ్ళు దుప్పటి భయంతో ఇస్తున్నాయని పెద్దాయనకు ఎవరో చెప్పేశారు. "అలాంటి చందా మీద మనిషిని పెట్టి జీతం ఇవ్వలేం. రేపు అందరూ మానేస్తే?" అన్నాడు. నర్సును మీ వైపే ఉంచాలంటే, వాళ్ళు తెలిసి ఇస్తున్నారని నేను చూపించాలి. వంతు లేదని, దుప్పటి లేదని తెలిసి, అయినా ఇస్తామని వాళ్ళ నోట రావాలి.

అది నా కాగితంతో జరగదు, చూశాం. నువ్వే వెళ్ళాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. నర్సు ఇవాళ టైలరు ఇంటికి వస్తున్నది ఆయన ఇచ్చాడని కాదు. ఆయన ఇల్లు మానేసి చాలా రోజులైంది. మానేసినవాడికి కూడా వచ్చిందని చెప్పు.

నేను నీతో రాను. నేను వస్తే నువ్వు నా వెనక దాక్కుంటావు.


షట్టర్ల షాపు వెనక గది
నెల చివరి ఆదివారం

పిడుగుకి,

నీ వెనక దాక్కునేంత చిన్నవాణ్ణి కాదు. వెళ్ళాను.

ముందు మందుల షాపుకు వెళ్ళాను. "నేను చెప్పిన వంతు లేదు. నువ్వు ఎంత ఇచ్చినా నీకు నర్సు వస్తుందని లేదు. ఇవ్వని టైలరు ఇంటికి వస్తోంది. ఇక మీద నిన్ను దుప్పటికి కూడా పిలవను. ఇప్పుడు చెప్పు, ఇస్తావా మానేస్తావా" అన్నాను. వాడు అద్దాలు తీసి తుడుచుకుని, "అయితే మానేస్తాను మామా" అన్నాడు. అంతే. నేను మెట్లు దిగాను. చివరి మెట్టు మీదే ఆగిపోయాను. నా గురించి వాళ్ళంతా ఏమనుకుంటారోనని కాదు. ట్యాంకు వెనక ముసలావిడ అప్పుడే అరుగు మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది.

మందుల షాపు పక్క రెండు ఇళ్ళూ మానేశాయి. ఒక ఇంట్లో తలుపు కూడా తీయలేదు, కిటికీ లోంచే విన్నారు.

బార్బరు ఎవరికో గడ్డం గీస్తున్నాడు. నేను చెప్పిందంతా విని కత్తి తుడిచాడు.

"నువ్వు వంతు అన్నావని ఇచ్చామనుకున్నావా?" అన్నాడు.

"మరి?"

"నీ వంతు మాట ఎవడు నమ్మాడు మామా? టైలరు భార్య నమ్మిందేమో, పాపం. మాకు నీ సంగతి తెలియదా? షట్టరుకు తుప్పు పట్టదని చెప్పి అమ్మినవాడివి."

కుర్చీలో సబ్బు నురగతో ఉన్నవాడు కూడా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. "మరి ఎందుకిచ్చావురా ఇన్నాళ్ళూ" అని అరిచాను.

వాడు నా వైపు చూడలేదు. కత్తి చూసుకుంటూ చెప్పాడు. "మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. అత్త మంచంలో ఉన్నప్పుడు, నువ్వు పక్క తిప్పినప్పుడల్లా ఆవిడ అరిచేది. మా ఆవిడ రేడియో పెద్దగా పెట్టేది. నర్సు వచ్చిన రోజు మాత్రం ఆ అరుపు వినపడేది కాదు. నర్సు వచ్చే రోజుల కోసం మేం కూడా ఎదురుచూసేవాళ్ళం."

మేడింటావిడ కూడా అదే చెప్పింది, మెట్ల మీద నిలబడి, ఈసారి నవ్వకుండా. ఇస్త్రీవాడు పెట్టె ఆపకుండానే, "ఇస్తానులే మామా, వెళ్ళు" అన్నాడంతే.

పిడుగూ, ఆమె అరిచేదని నాకు తెలుసు. మా ఇంటి సంగతి మా ఇంట్లోనే ఉందనుకున్నాను. సందంతా విన్నదని తెలియదు. వినీ నా ముఖం మీద ఇన్నేళ్ళు ఒక్కరూ అనలేదు. నేను వాళ్ళకు ఏదో అమ్ముతున్నానని ఛాతీ విరుచుకుని గుమ్మం గుమ్మం ఎక్కుతుంటే, పోనీలే అని ఇచ్చి పంపారు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు.

టైలరును కూడా అడిగాను. "నేనివ్వను. నా నడుం తోలు ఇచ్చాను, చాలదా" అన్నాడు. వాడి భార్య మాత్రం లోపల్నుంచి "నా పేరు మీద రాయి మామా" అంది. వాడు ఆవిడను తిట్టాడు. ఆవిడ మిషను తొక్కుతూనే ఉంది.

ముందున్నన్ని ఇళ్ళు లేవు. మీ పెద్దాయనకు ఇంతే చెప్పు, ఎక్కువ చెప్పకు. ఉన్నవాళ్ళకు మాత్రం తమకేమీ రాదని తెలుసు. నేనే చెప్పాను, గట్టిగా చెప్పాను, రెండుసార్లు చెప్పాను. అనుమానముంటే ఆయన్నే వచ్చి ఒక్కో గుమ్మంలో అడిగి చూసుకోమను. నేను ఎవరి పక్కనా నిలబడను.

చాలదంటే మానేసిన ఇళ్ళకు మళ్ళీ వెళ్తాను. బెదిరించను. ఈసారి ఏం చెప్పాలో ఇంకా తెలియదు.

నర్సును మాత్రం మా వైపు నుంచి తీయొద్దు. తీస్తే ఈ సందులో మళ్ళీ అరుపులు వినపడతాయి. ఎవరివో ఇప్పుడు చెప్పలేను. నావే కావచ్చు. అప్పుడు కూడా నన్ను నీ జాబితాలో ఎక్కడ ఉండాలో అక్కడే రాయి. మేనమామ అని పైకి జరిపావని తెలిసిందంటే, నర్సును గుమ్మం నుంచే వెనక్కి పంపిస్తాను.

మీ మామయ్య